అలసిపోయింది ఎడ్మంటన్ ఒక్కటేనా?

2025 జూన్ 12 రాత్రి ఫ్లోరిడాలోని సన్‌రైజ్ పట్టణంలో కెనడాకు చెందిన ఐస్ హాకీ జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్ మూడు గోల్స్ వెనకబడి, తేరుకుని, అదనపు సమయంలో 5-4తో గెలిచింది. ఉత్తర అమెరికా హాకీ లీగ్ విజేతను తేల్చే ఏడు మ్యాచుల స్టాన్లీ కప్ ఫైనల్ 2-2తో సమమైంది. రెండు రోజులు తిరక్కుండానే, నాలుగు వేల కిలోమీటర్ల అవతల, సొంత ఊళ్లో సొంత జనం ముందు అదే జట్టు 2-5తో చతికిలబడింది. జూన్ 17న మళ్లీ ఫ్లోరిడా వెళ్లి 1-5తో ఓడి, వరుసగా రెండో ఏడాది కూడా కప్పును ఫ్లోరిడా పాంథర్స్‌కే అప్పగించింది. ఆ రోజుల్లో ఎడ్మంటన్ అభిమానుల మధ్య ఎడతెగని వాదం ఒకటి నడిచింది. జట్టు నిజంగా డస్సిపోయిందా, లేక ఆడలేక మద్దెల ఓడు అంటున్నారా?

అలసట వాదులకు సరంజామా తక్కువేమీ లేదు. జట్టు అంతకు ముందు ఏడాది కూడా ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా ఆడింది. అంటే 2024 జూన్ 24 దాకా విశ్రాంతి లేదు. అక్టోబరులో మళ్లీ కొత్త సీజన్. ఈసారి ఫైనల్లో మొదటి రెండు మ్యాచులూ అదనపు సమయానికి వెళ్లాయి, రెండోదైతే రెండు అదనపు పీరియడ్లు నడిచింది. కానర్ మెక్‌డేవిడ్, లియోన్ డ్రైసైటల్ ఇద్దరి మీదే జట్టు మోపు అంతా. చివరి రెండు మ్యాచుల్లో వాళ్ల కాళ్లలో చురుకు తగ్గినట్టు కంటికే కనిపించింది. ఇవన్నీ నిజాలే. కాదనడానికి లేదు. అయితే నిజాలన్నీ కలిసి చూపుతున్న కారణం అలసటేనా అన్నది వేరే ప్రశ్న.

హాకీ అనగానే మనకు తోచేది పచ్చిక మీద ఆడే ఆట. ఉత్తర అమెరికాలో ఆ పేరు ఐస్ హాకీది. నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లు. ఒక్కొక్కటి అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా 82 మ్యాచులు ఆడుతుంది. అందులోంచి 16 జట్లు ప్లేఆఫ్స్‌కు చేరతాయి. అక్కడ నాలుగు రౌండ్లు, ప్రతి రౌండూ ఏడు మ్యాచుల సిరీస్, నాలుగు ముందుగా గెలిచినవారు పై రౌండుకు. కప్పు కావాలంటే 16 విజయాలు కావాలి, దానికి 28 మ్యాచుల దాకా ఆడాల్సి రావచ్చు. మ్యాచ్‌కు 20 నిమిషాల పీరియడ్లు మూడు. మామూలు సీజన్‌లో సమంగా నిలిస్తే ఐదు నిమిషాల అదనపు ఆట, ఆపైన షూటౌట్‌తో తేల్చేస్తారు. ప్లేఆఫ్స్‌లో ఆ వెసులుబాటు లేదు. ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా 20 నిమిషాల పీరియడ్లు ఒకదాని వెనక ఒకటి నడుస్తూనే ఉంటాయి.

ఈ ఆటలో అలసటను సెకన్లలో కొలవాలి. ఆటగాడు ఒక దఫా మంచు మీదికి దిగితే ఉండేది 40 నుంచి 50 సెకన్లు. దాన్ని షిఫ్టు అంటారు. ఆ ముప్పావు నిమిషం పూర్తి వేగంతో పరుగు, ఒరిపిడి, తోపులాట. తర్వాత రెండు మూడు నిమిషాలు బెంచీ మీద కూర్చుని ఊపిరి కూడగట్టుకోవాలి. షిఫ్టు నిమిషం దాటిందంటే తొడలు బిగుసుకుపోతాయి, కర్ర చెప్పినట్టు వినదు, తల పైకెత్తి సహచరుడు ఎక్కడున్నాడో చూసే ఓపిక ఉండదు. గోల్స్ పడేది సరిగ్గా అక్కడే.

నిబంధనలు కూడా ఆ బలహీనత మీద దెబ్బ కొట్టేలా ఉంటాయి. తమ సగంలోంచి కొట్టిన పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎవరికీ తగలకుండా అవతలి గోల్ గీత దాటిపోతే ఐసింగ్ అంటారు. ఒత్తిడి తట్టుకోలేక పక్‌ను దూరంగా విసిరేయడం అన్నమాట. 2005-06 సీజన్ నుంచి ఐసింగ్ చేసిన జట్టు ఆటగాళ్లను మార్చుకోకూడదు. రొప్పుతున్న ఆ ఐదుగురే, అప్పుడే బెంచీ దిగిన ప్రత్యర్థులతో తమ గోల్ ముందు మళ్లీ తలపడాలి. 2017-18 నుంచి అలాంటప్పుడు కోచ్ టైమవుట్ అడిగే దారి కూడా మూసేశారు. దానికి తోడు రెండో పీరియడ్‌లో జట్లు వైపులు మారతాయి కాబట్టి సొంత గోల్‌కు బెంచీ దూరమవుతుంది. అలసిన డిఫెండర్ పక్కకు తప్పుకోవాలన్నా అంత దూరం ఈదుకుంటూ పోవాలి. అదనపు సమయం మొదటి పీరియడ్‌లోనూ ఇదే అమరిక. రాత్రి పదకొండు దాటాక పడే గోల్స్‌లో చాలావాటి వెనక గొప్ప నైపుణ్యం కన్నా ముందు బెంచీకి చేరలేకపోయిన ఒక జత కాళ్లు ఉంటాయి.

దీనికి పరాకాష్ఠ 2020 ఆగస్టు 11న టొరంటోలో కనిపించింది. కోవిడ్ కారణంగా ప్రేక్షకులు లేని అరీనాలో టాంపా బే, కొలంబస్ జట్లు ఐదు అదనపు పీరియడ్లు ఆడాయి. ఆట గడియారం 150 నిమిషాలు దాటాక బ్రేడన్ పాయింట్ అనే ఆటగాడి గోల్‌తో టాంపా 3-2తో గెలిచింది. కొలంబస్ గోలీ (గోల్‌కీపర్) యూనస్ కోర్పిసాలో 85 షాట్లు ఆపాడు. డిఫెండర్ సెత్ జోన్స్ 65 నిమిషాలకు పైగా మంచు మీద ఉన్నాడు. మామూలుగా ఒక డిఫెండర్ మూడు మ్యాచుల్లో ఆడే సమయం అది. అదే అరీనాలో ఆ తర్వాత జరగాల్సిన మరో మ్యాచ్‌ను మర్నాటికి వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ సెత్ జోన్సే ఐదేళ్ల తర్వాత ఫ్లోరిడా జట్టులో ఉండి ఎడ్మంటన్ మీద కప్పు గెలవడం ఒక ముచ్చట.

కాబట్టి అలసట ఉందా అని అడగడంలో అర్థం లేదు. ప్లేఆఫ్స్‌లో ప్రతి జట్టూ అలసిపోయే ఆడుతుంది. అడగాల్సింది, అవతలి జట్టు కన్నా ఎక్కువ అలసిపోయిందా అని. ఇక్కడ ఎడ్మంటన్ అభిమానుల లెక్క తడబడుతుంది.

2023, 2024, 2025 ప్లేఆఫ్స్ మూడూ కలిపి ఎడ్మంటన్ ఆడినవి వరుసగా 12, 25, 22 మ్యాచులు. మొత్తం 59. ఫ్లోరిడా ఆడినవి 21, 24, 23. మొత్తం 68. అంటే ఎక్కువ నలిగింది ఫ్లోరిడాయే. 2025లో దానికి టొరంటోతో ఏడు మ్యాచుల సిరీస్ తగిలింది. ఎడ్మంటన్ ఆ ఏడాది ఒక్క సిరీస్‌లోనూ ఫైనల్‌కు ముందు ఏడో మ్యాచ్ ఆడలేదు. ఆ ఫిబ్రవరిలో జరిగిన నాలుగు దేశాల టోర్నీలోనూ ఎడ్మంటన్ కన్నా ఫ్లోరిడా నుంచే ఎక్కువ మంది ఆడారు. డ్రైసైటల్ దేశం జర్మనీ ఆ టోర్నీలోనే లేదు, కాబట్టి అతనికి ఆ రోజుల్లో సెలవే.

ప్రయాణాల మాటా అంతే. ఎడ్మంటన్ ఉన్న ఆల్బర్టా నుంచి దక్షిణ ఫ్లోరిడాకు ఖండం ఈ మూల నుంచి ఆ మూలకు విమానం, గడియారంలో రెండు గంటల తేడా. కానీ 2025లో మొదటి రెండు మ్యాచులు ఎడ్మంటన్‌లో జరిగాయి కనుక ఆరో మ్యాచ్ నాటికి ఫ్లోరిడా జట్టు ఆ దూరాన్ని నాలుగు సార్లు దాటింది, ఎడ్మంటన్ మూడు సార్లే. నాలుగో మ్యాచ్‌కూ ఐదో మ్యాచ్‌కూ మధ్య ఒక్క రోజే ఉందని మండిపడ్డవారు, అవతలి జట్టు కూడా ఆ ఒక్క రోజులోనే ప్రయాణించిందన్న సంగతి వదిలేశారు. పైగా ఓడిన నిరాశతో ప్రయాణించింది ఫ్లోరిడా, గెలిచిన ఊపులో ప్రయాణించింది ఎడ్మంటన్. గోలీల విషయం చూసినా అదే కథ. 36 ఏళ్ల సెర్గీ బోబ్రోవ్‌స్కీ ఆ ప్లేఆఫ్స్‌లో ఫ్లోరిడా తరఫున ప్రతి మ్యాచూ మొదలుపెట్టాడు. ఎడ్మంటన్‌లో స్టూవర్ట్ స్కిన్నర్, కాల్విన్ పికార్డ్ ఆ భారాన్ని పంచుకున్నారు.

అసలైన చిక్కు ఇంకోటుంది. ఒళ్లు అలసితే అది ఎప్పుడు బయటపడాలి? మూడో పీరియడ్‌లో, అదనపు సమయంలో. ఎడ్మంటన్ కొంప మునిగింది మాత్రం మొదటి పీరియడ్‌లో. ఫైనల్ చివరి నాలుగు మ్యాచుల్లోనూ మొదటి పీరియడ్ ముగిసేసరికి ఫ్లోరిడా కనీసం రెండు గోల్స్ ముందుంది. మూడో మ్యాచ్‌లో బ్రాడ్ మార్షాండ్ మొదటి నిమిషం పూర్తికాకముందే గోల్ కొట్టాడు. ఆ మ్యాచ్‌కు ముందు రెండు జట్లకూ రెండు పూర్తి రోజుల విశ్రాంతి ఉంది. నాలుగో మ్యాచ్‌లో మొదటి పీరియడ్‌కే 3-0. ఆ స్థితి నుంచి తేరుకుని అదనపు సమయంలో గెలిచిన జట్టును అలసిన జట్టు అనగలమా? ఆ గోల్ కొట్టినవాడు డ్రైసైటల్. ఒకే ప్లేఆఫ్స్‌లో అదనపు సమయంలో అతనికది నాలుగో గోల్, లీగ్ చరిత్రలో రికార్డు. కాళ్లు లేని మనిషి రాత్రి పొద్దుపోయాక నాలుగు సార్లు ఆ పని చేయలేడు.

దీనికి అలసట వాదుల దగ్గర జవాబు లేకపోలేదు. మెదడు కూడా అలసిపోతుంది, ఆట మొదట్లో పూర్తిగా మేల్కోవడానికి సమయం పడుతుంది, అందుకే ఆరంభాలు దెబ్బతిన్నాయి అంటారు. కావచ్చు. నిద్ర తక్కువైతే చురుకుదనం తగ్గుతుందన్నది తెలిసిందే. కానీ ఆరంభంలో తడబడితే అలసట, చివర్లో తడబడితే అలసట, గెలిస్తే మాత్రం గుండె ధైర్యం అన్నప్పుడు ఆ మాట ఏ ప్రశ్నకైనా సరిపోయే జవాబైపోతుంది. అన్ని తాళాలకూ పట్టే చెవి చేతిలో ఉందంటే అనుమానించాల్సిందే.

మరి అభిమానుల కళ్లు మోసపోయాయా? లేదు. చివరి మ్యాచుల్లో మెక్‌డేవిడ్ మునుపటి మెక్‌డేవిడ్‌లా లేడన్నది నిజమే. కాకపోతే కార్యకారణాలు తలకిందులయ్యాయి. రెండు గోల్స్ వెనకబడ్డ జట్టు కోచ్ ఏం చేస్తాడు? తన మేటి ఆటగాళ్లను ఎక్కువసేపు దింపుతాడు. క్రిస్ నాబ్లాక్ అదే చేశాడు. వెనకబడ్డప్పుడల్లా మెక్‌డేవిడ్, డ్రైసైటల్‌లను ఒకే లైన్లో (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌ల గుంపు) కలిపి పదే పదే పంపాడు. ఆ ఇద్దరూ బయట ఉన్నప్పుడు మిగతా మూడు లైన్లలో ప్రత్యర్థిని భయపెట్టేవారు కరవయ్యారు. ముందుగా గోల్ ఇచ్చుకోవడం వల్ల భారం ఇద్దరి మీద పడింది, భారం వల్ల అలుపు వచ్చింది. ఓటమికి అలసట కారణం కావడం కన్నా, ఓడుతున్న తీరు అలసటకు కారణమైంది అనడమే సబబు.

ఆ ప్లేఆఫ్స్‌లో మెక్‌డేవిడ్, డ్రైసైటల్ చెరో 33 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కు అందించిన అసిస్టులు కలిపి) సాధించారు. జట్టు ఎవరి మీద నిలబడిందో చెప్పడానికి ఆ అంకె చాలు. 2024 ప్లేఆఫ్స్‌లో 16 గోల్స్ కొట్టిన జాక్ హైమన్ డాలస్‌తో సిరీస్ నాలుగో మ్యాచ్‌లో మణికట్టు తప్పి ఫైనల్‌కు దూరమయ్యాడు. అతను పోవడంతో ఏర్పడిన ఖాళీని ఎవరూ పూడ్చలేదు. ఫ్లోరిడాలో చూస్తే మార్షాండ్, ఆంటన్ లుండెల్, ఏటు లూస్టరినెన్ ఆడినది పేరుకు మూడో లైను. మార్షాండ్ ఒక్కడే ఫైనల్లో ఆరు గోల్స్ కొట్టాడు. ఆరో మ్యాచ్‌లో శామ్ రైన్‌హార్ట్ నాలుగు గోల్స్. ఉత్తమ ఆటగాడి పురస్కారం శామ్ బెనెట్‌కు. మూడు వేర్వేరు లైన్ల నుంచి దెబ్బ పడుతుంటే కోచ్ పాల్ మోరిస్‌కు ఎవర్నీ అరగదీయాల్సిన పని లేకపోయింది. ఆ ఏడాది ఫ్లోరిడా పరాయి రింకుల్లోనే 10 మ్యాచులు గెలిచింది, అది లీగ్ రికార్డుకు సమానం. కూలీలు ఎక్కువ మంది ఉన్న పొలంలో ఎవరి నడుమూ విరగదు.

అలసట అనే మాట కింద దాక్కునే మరో సంగతి గాయం. ప్లేఆఫ్స్‌లో హాకీ జట్లు గాయాల వివరాలు బయటపెట్టవు. నడుము పైభాగం గాయం, నడుము కిందిభాగం గాయం, అంతవరకే. ఎక్కడ నొప్పో తెలిస్తే ప్రత్యర్థి అక్కడే కొడతాడన్న భయం. అభిమానికి కనిపించేది మాత్రం నెమ్మదించిన ఆటగాడు. అతనికి దొరికే ఒకే ఒక్క మాట అలసట. 2024 ఫైనల్ ఏడు మ్యాచుల్లో డ్రైసైటల్ ఒక్క గోల్ కూడా కొట్టలేదు, మూడు అసిస్టులతో సరిపెట్టుకున్నాడు. డస్సిపోయాడని కొందరు, పెద్ద మ్యాచుల్లో చేతులెత్తేస్తాడని ఇంకొందరు రచ్చ చేశారు. సిరీస్ ముగిశాక తెలిసింది, పక్కటెముకల గాయంతో, వేలి గాయంతో ఆడాడని. అదే జట్టులో ఇవాండర్ కేన్‌కు గజ్జల దగ్గర గాయం. ఫైనల్ రెండో మ్యాచ్ తర్వాత ఇక ఆడలేకపోయాడు. శస్త్రచికిత్స చేయించుకుని మరుసటి సీజన్ 82 మ్యాచులకూ దూరమయ్యాడు.

హాకీలో ఒక ఆనవాయితీ ఉంది. ఓడిన జట్టు రెండు మూడు రోజుల తర్వాత లాకర్లు ఖాళీ చేసుకోవడానికి వస్తుంది. ఆ పూట విలేకరుల ముందు అసలు జాబితా బయటపడుతుంది. ఎవరి ఎముక విరిగింది, ఎవరి కండరం చీలింది, ఎవరు ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చారు అన్నది అప్పుడు తెలుస్తుంది. రెండు నెలల పాటు జరిగిన వాదాలన్నీ ఆ ఒక్క పూటలో చెల్లాచెదురు. గెలిచిన జట్టు జాబితా కూడా చిన్నదేమీ కాదు. ఫ్లోరిడా ఆటగాడు మాథ్యూ కచక్ 2025 ఫిబ్రవరిలో తగిలిన గాయంతో, తొడ కండరం ఎముక నుంచి చీలిన స్థితిలో ఆ ప్లేఆఫ్స్ ఆడాడని తర్వాత వెల్లడైంది. 2023 ఫైనల్లో అతనే రొమ్ము ఎముక విరిగినా నాలుగో మ్యాచ్ ఆడాడు, అప్పుడు వేగస్ చేతిలో జట్టు ఓడింది. ఒకే మనిషి, ఇంచుమించు ఒకే తరహా బాధ, ఒకసారి ఓటమి, ఒకసారి కప్పు. గాయపడ్డ వీరుడి కథ మనం చెప్పుకునేది ఫలితాన్ని బట్టే.

ఈ కథల మోజు హాకీలో ఎంత పాతదో ఎడ్మంటన్‌కు బాగా తెలుసు. ఆ ఊరి క్లబ్బు పురాణమే అక్కడ మొదలవుతుంది. 1983లో వేన్ గ్రెట్జ్‌కీ ఆడుతున్న ఆయిలర్స్‌ను న్యూయార్క్ ఐలాండర్స్ ఫైనల్లో 4-0తో ఊడ్చేసింది. ఐలాండర్స్‌కు అది వరుసగా నాలుగో కప్పు. బస్సు దగ్గరకు వెళుతూ గ్రెట్జ్‌కీ, అతని సహచరుడు కెవిన్ లో ఇద్దరూ ప్రత్యర్థి డ్రెసింగ్ రూమ్ దాటుకుని పోవాల్సి వచ్చింది. లోపల సంబరాలు మిన్నంటుతుంటాయనుకున్నారు. కనిపించింది వేరు. భుజాలకు, మోకాళ్లకు మంచు సంచులు కట్టుకుని, వాచిన మొహాలతో నీరసంగా కూర్చున్న ఆటగాళ్లు. కప్పు గెలవాలంటే ఇంత మూల్యం చెల్లించాలన్నమాట అని తాము ఆనాడు గ్రహించామని గ్రెట్జ్‌కీ తర్వాత చాలాసార్లు చెప్పాడు. నొప్పిని ఓర్చుకున్నవాడిదే కప్పు అన్న నమ్మకానికి ఈ సంఘటన ఇప్పటికీ ప్రమాణం.

అయితే ఆ కథను అందరూ ఒక ఏడాది ముందే ఆపేస్తారు. 1984లో అవే రెండు జట్లు మళ్లీ ఫైనల్లో తలపడ్డాయి. వరుసగా 19 సిరీస్‌లు గెలిచి వచ్చిన ఐలాండర్స్ 1-4తో ఓడిపోయింది. మంచు సంచులు కట్టుకున్న ఆ ఒళ్లే ఏడాది తిరిగేసరికి కుర్రాళ్ల వేగాన్ని అందుకోలేకపోయింది. మొదటి ఏడాది త్యాగమైనది రెండో ఏడాది అరుగుదలైంది. ఎడ్మంటన్‌కు అది మొదటి కప్పు. తర్వాత 1985, 1987, 1988, 1990లలో మరో నాలుగు వచ్చాయి. అప్పటి నుంచి ఇంకొకటి రాలేదు.

అంటే కొన్నేళ్ల మీద పేరుకునే అలసట మాత్రం నమ్మదగ్గ సంగతే. ఒక సిరీస్‌లో ఒక రోజు ఎక్కువ దొరికిందా తక్కువ దొరికిందా అన్నదాని కన్నా ఇది బలమైన వాదం. లాస్ ఏంజెలెస్ కింగ్స్ 2012, 2013, 2014 వసంతాల్లో 64 ప్లేఆఫ్ మ్యాచులు ఆడింది. 2014లో శాన్ హోసేతో 0-3తో వెనకబడి, మొదటి మూడు రౌండ్లూ ఏడేసి మ్యాచులు పోరాడి, ఫైనల్లో న్యూయార్క్ రేంజర్స్‌ను ఐదు మ్యాచుల్లో ముగించింది. అందులో మూడు విజయాలు అదనపు సమయంలో దక్కినవే. అన్ని మ్యాచులు ఆడిన జట్టు ఫైనల్లో కూలిపోవాలన్న సూత్రం అక్కడ పనిచేయలేదు. కానీ మరుసటి ఏడాది ఆ జట్టు ప్లేఆఫ్స్‌కే చేరలేదు. మొదటి జత డిఫెండర్ ఒకడు దూరమవడం వంటి ఇతర కారణాలున్నా, అరుగుదల లేదనలేం.

టాంపా బే కథ ఇంకా స్పష్టం. 2020, 2021 కప్పులు గెలిచి, 2022 ఫైనల్లో కొలరాడో చేతిలో ఆరు మ్యాచుల్లో ఓడింది. 2020లో స్థానాలు తేల్చడానికి ముందుగా ఆడిన రౌండ్ రాబిన్ మ్యాచులు వదిలేస్తే మూడు ప్లేఆఫ్స్‌లో ఆ జట్టు ఆడినవి 68. సరిగ్గా ఫ్లోరిడా సంఖ్యే. కోవిడ్ వల్ల టాంపాకు ఆ 68 మ్యాచులు రెండేళ్ల లోపే మీదపడ్డాయి. 2020 సెప్టెంబరు 28న కప్పు గెలిచి, 2021 జనవరిలోనే కొత్త సీజన్ మొదలుపెట్టాల్సి వచ్చింది. 2023లో టొరంటో చేతిలో తొలి రౌండులోనే ఇంటిదారి పట్టింది. 2004 తర్వాత ఒక్క సిరీస్ కూడా గెలవని టొరంటో చేతిలో మరి. అదే జట్టులో నికిటా కుచెరోవ్ 2020-21 మామూలు సీజన్ మొత్తం తుంటి శస్త్రచికిత్సతో బయటే ఉండి, ప్లేఆఫ్స్ మొదటి రోజున దిగి, 32 పాయింట్లతో అందరికన్నా ముందు నిలిచాడు. విశ్రాంతి విలువకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. జీతాల పరిమితి నిబంధనను తెలివిగా వాడుకున్నారన్న గొడవ కూడా దానితోపాటే రేగింది, అది వేరే కథ.

విశ్రాంతి ఎక్కువైతే తుప్పు పడుతుందనే వాదం ఒకటుంది. అభిమానుల చర్చల్లో ఇది అలసటకు కవల. 2003లో అనాహైమ్ పది రోజులు ఖాళీగా ఉండి ఫైనల్ మొదటి రెండు మ్యాచులూ 0-3, 0-3తో ఓడింది, చివరికి ఏడో మ్యాచ్‌లో కప్పు చేజారింది. 2019లో బోస్టన్‌కూ అంతే విరామం, అదీ ఏడో మ్యాచ్‌లో ఓడింది, కాకపోతే మొదటి మ్యాచ్ గెలిచింది. 2012లో కింగ్స్ వారం రోజులు కూర్చుని వచ్చి కప్పు గెలిచింది. ఓడినప్పుడు తుప్పు, గెలిచినప్పుడు తాజాదనం. ఈ వాదం మీద ఇంతకన్నా సమయం వెచ్చించడం దండగ.

డాలస్ స్టార్స్ అభిమానుల చర్చ ఇంకో రకం. డాలస్ శివారు ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఆ జట్టు ప్రధాన కార్యాలయం, ప్రాక్టీసు రింకు ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. స్టార్స్ 2023, 2024, 2025లలో వరుసగా మూడు సార్లు కాన్ఫరెన్స్ ఫైనల్ (ప్లేఆఫ్స్ మూడో రౌండు) దాకా వచ్చి ఆగిపోయింది. చివరి రెండు సార్లూ ఆపింది ఎడ్మంటనే. మొదటి రౌండ్లలో బలమైన జట్లతో ఆరేడు మ్యాచుల చొప్పున ఆడి, మూడో రౌండుకు వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతోందని ఒక వర్గం వాదించింది. యాజమాన్యం మాత్రం వేరే తీర్పు ఇచ్చింది. 2025 చివరి మ్యాచ్‌లో రెండు షాట్లకు రెండు గోల్స్ ఇచ్చిన గోలీ జేక్ ఓటింజర్‌ను కోచ్ పీట్ డిబోర్ ఏడు నిమిషాలకే బయటికి పిలిచాడు. కొన్ని రోజులకే డిబోర్ ఉద్యోగం పోయింది. అలసటను ఉద్యోగంలోంచి తీసేయలేరు కదా!

అభిమానులు ఈ మాటను అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం కూడా అందులోనే ఉంది. అలసట ఎవర్నీ తప్పుపట్టని కారణం. మెక్‌డేవిడ్ విఫలమయ్యాడనాల్సిన పని లేదు, నాలుగో లైనుకు మనుషుల్ని సమకూర్చుకోని మేనేజరును నిలదీయాల్సిన పని లేదు, అవతలి జట్టు మెరుగైనదని ఒప్పుకోవాల్సిన పని అసలే లేదు. 1993లో మాంట్రియల్ తర్వాత కెనడా జట్టేదీ ఈ కప్పు గెలవలేదు. అంత కాలం ఎదురుచూసిన జనానికి షెడ్యూలును తిట్టుకోవడం సొంత జట్టును తిట్టుకోవడం కన్నా తేలిక. అటువైపు వారిదీ న్యాయమైన వైఖరి కాదు. కోట్ల జీతాలు తీసుకునేవారికి అలుపేమిటని ఈసడించేవాడు, రెండో అదనపు పీరియడ్‌లో నిమిషంన్నర షిఫ్టు ఎలా ఉంటుందో ఊహించడానికి కూడా ఇష్టపడడు.

ఈ రెండు వర్గాలకూ మింగుడుపడని మనిషి కోరీ పెర్రీ. 2025 మేలో అతనికి 40 నిండాయి. ఆ ప్లేఆఫ్స్‌లో ఎడ్మంటన్ తరఫున 10 గోల్స్ కొట్టాడు. ఫైనల్ రెండో మ్యాచ్‌లో 18 సెకన్లే మిగిలి ఉండగా స్కోరు సమం చేసి ఆటను అదనపు సమయానికి నెట్టినవాడు అతనే. అలసట వయసును బట్టి, మ్యాచుల లెక్కను బట్టి వస్తుందంటే ముందు కూలాల్సింది అతను. మరోవైపు డాలస్, మాంట్రియల్, టాంపా, ఎడ్మంటన్ తరఫున ఆరేళ్లలో ఐదు ఫైనల్స్ ఆడి ఐదూ ఓడిపోయాడు. ఓర్పుకు కప్పు తప్పక దక్కుతుందంటే ముందు దక్కాల్సింది కూడా అతనికే.

లీగ్‌కు, ఆటగాళ్ల సంఘానికి 2025లో కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం 2026-27 సీజన్ నుంచి మామూలు సీజన్ 82 మ్యాచుల నుంచి 84కు పెరుగుతుంది. బదులుగా సీజన్‌కు ముందు ఆడే సన్నాహక మ్యాచులను తగ్గిస్తున్నారు. మేటి ఆటగాళ్లు సన్నాహక మ్యాచుల్లో ఎటూ అంతంతమాత్రంగానే ఆడతారు కాబట్టి ఆ మార్పిడిలో వాళ్లకు మిగిలేది అదనపు భారమే. బాస్కెట్‌బాల్‌లో మాదిరిగా ఆరోగ్యంగా ఉన్న ఆటగాడిని మామూలు మ్యాచ్‌కు పక్కన కూర్చోబెట్టడం హాకీలో ఇంకా నామోషీగానే చూస్తారు. ఎడ్మంటన్ వంటి జట్టుకు మిగిలిన దారి నవంబరు, డిసెంబరు నెలల్లో మూడో, నాలుగో లైన్లకు మరో రెండేసి నిమిషాలు ఎక్కువ ఇవ్వడం, దానికోసం ఒకటి రెండు మ్యాచులు చేజారినా ఓర్చుకోవడం. ఆ ఓటముల రోజున ఇదే అభిమానులు మెక్‌డేవిడ్‌ను ఇంకాస్త ఎక్కువసేపు ఎందుకు దింపలేదని కోచ్‌ను నిలదీస్తారన్నది కూడా అంతే ఖాయం.